తూర్పు గట్టు

పున్నమ్మ కాపురానికి వచ్చేనాటికి హోగల్‌డాంగా పేరుకు కలకత్తా పక్కనే గాని, తీరుకు అచ్చమైన పల్లెటూరు. గార్డెన్ రీచ్‌లో బస్సు దిగి, గట్ల మీద నడిచి, రెల్లు దుబ్బులు దాటితే తప్ప ఇళ్ళు కనిపించేవి కావు. ఆమె మొగుడు గవరయ్య రేవులో బస్తాలు మోసేవాడు. శ్రీకాకుళం నుంచి వచ్చిన తక్కిన కూలీలంతా ఏక్‌బాల్‌పూర్‌లో గదికి పదిమంది చొప్పున సర్దుకుంటుంటే, ఈయన మాత్రం "సొంత నేల లేని బతుకేటి బతుకు" అని పంతం పట్టాడు. ఎవరికీ అక్కరలేని పల్లపు జాగా ఒకటి పెళ్ళాం పేరున కొని, చెరువులోంచి తట్టలతో మట్టి తెచ్చి మెరక చేసి, దానిమీద ఇల్లు వేశాడు. రేవులో మోసింది చాలదా, ఇంటి దగ్గర కూడా మోతేనా అని నవ్వినవాళ్ళు నవ్వారు.

ఆ ఇంట్లో పున్నమ్మకు తొలిచూలు కొడుకు పుట్టాడు. డెబ్బై ఎనిమిదో సంవత్సరం వరదల్లో జ్వరం తగిలి పోయాడు. పళ్ళు రాని బిడ్డను కాల్చరు, పూడ్చిపెడతారు. ఆ చోటు తల్లికి చెప్పరు. చెబితే అక్కడే కూర్చుని ఏడుస్తుందనీ, ఆ ఏడుపుకు మళ్ళీ కడుపు పండదనీ పెద్దల మాట. గవరయ్య బిడ్డను తన పంచెలో చుట్టుకుని, ఆమెను లోపలే ఉండమని తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు. తర్వాత ఆమె అడగ్గా అడగ్గా "సెరువు గట్టు కాడ, తూరుపేపు" అన్నాడు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

మరి పిల్లలు పుట్టలేదు. పెద్దల మాట విని తనకు ఒరిగిందేమిటని పున్నమ్మ ఎవరినీ నిలదీయలేదు. రోజూ అంట్లు పట్టుకుని తూర్పు గట్టుకు వెళ్ళేది. నాలుగు గిన్నెలు తోమడానికి ఇంతసేపా అని ఇరుగుపొరుగు వేళాకోళం చేస్తే, "మాడు వొదల్లేదప్పా" అనేది. వండింది గంజే అయినా అదే మాట.

ముందు కరెంటు స్తంభాలు వచ్చాయి. తర్వాత కార్పొరేషన్‌లో కలిపి ఊరికి వార్డు నంబరు వేశారు. పట్నం వచ్చిందని అందరూ సంబరపడ్డారు పాపం. పట్నం మనుషుల కోసం వస్తుందా, వాళ్ళ కాళ్ళ కింది నేల కోసం వస్తుంది గాని. అది చాప కింద నీరులా వచ్చింది. ఒక పొద్దుట పక్కింటి గోడ మీద సున్నపు గీత కనిపించింది. ఎవరు గీశారో తెలియదు. నెల తిరక్కుండా ఆ ఇల్లు ఖాళీ అయింది. తర్వాత ఎదురింటి గోడ మీద గీత. ఎందుకు పోతున్నారని అడిగితే, మంచి బేరమే కుదిరిందంటూ చూపు పక్కకు తిప్పుకునేవారు. చెరువు పూడ్చడానికి లారీలు బూడిద తెచ్చి పడమటి ఒడ్డున కుమ్మరించాయి. చేపలు వెల్లకిలా తేలాయి. ఆ బూడిద రోజురోజుకూ తూర్పు గట్టు వైపు పాకుతుంటే పున్నమ్మకు తిండి సయించడం మానేసింది.

పార్టీ ఆఫీసులో కూర్చునే మృత్యుంజయ ఆ పేటకు పెద్ద. పెళ్ళి పందిరి వెయ్యాలన్నా ఆయన చెవిన వెయ్యాల్సిందే. ఆయన గొంతు ఎత్తగా విన్నవాళ్ళు లేరు. ఒక సాయంత్రం బిల్డరును వెంటబెట్టుకుని వచ్చాడు. బిల్డరు వాకిట్లోనే నిలబడి ఇంటిని కళ్ళతో కొలుస్తున్నాడు. మృత్యుంజయ టీ పుచ్చుకుని, సొంత పిన్నిని పలకరించినట్టు, "ఒంట్లో బాగుంటోందా మాసీ? చుట్టూ అంతా ఖాళీ అయిపోయింది. మీరిద్దరే ఉంటున్నారు. రోజులు మంచివి కావు" అన్నాడు. అన్నీ మంచి మాటలే. ఆ మంచి మాటలకే పున్నమ్మ తలుపు వారకు జరిగింది.

"ఇల్లు ఇవ్వం, దాదా" అన్నాడు గవరయ్య. ఆ మనిషి ఎవరికీ అంత గట్టిగా ఎదురు చెప్పగా ఆమె ఎన్నడూ చూడలేదు. మృత్యుంజయ నవ్వి లేచాడు. మర్నాడు వాళ్ళ గోడ మీద గీత ఉంది. ఆ వారమే కుళాయి ఎండిపోయింది.

గవరయ్య పనిలో ఉండగా పున్నమ్మ ఒక్కతే పార్టీ ఆఫీసుకు వెళ్ళింది. ఇల్లు రాసిస్తాను, తూర్పు గట్టు మీద మాత్రం పార పడకూడదు, బూడిద పొయ్యకూడదు అంది. మృత్యుంజయ వింతగా చూసి, "ఆ గట్టు నీకెందుకు మాసీ?" అన్నాడు. ఆమె చెప్పలేదు. ఆయన సరేనని నలుగురి ముందు మాటిచ్చాడు. ఆమె వేలిముద్ర వేసింది.

"గట్టు దక్కించినాను మావా. ఇల్లు పోతే పోనీ" అంది, మొగుడు ఇంటికి రాగానే. జన్మలో మొదటిసారి ఏదో గెలిచిన గొంతు ఆమెది.

గవరయ్య ఉన్నచోటనే కూలబడ్డాడు. "ఎంత పని సేసినావే" అన్నాడు. "ఆ దినం గట్టెక్కడుందే? నడుం లోతు నీల్లు పోతన్నాయి. ఊరు మొత్తానికీ పొడి మన్ను మన మెరకొక్కటే. పెరట్లో పొయ్యెనక, గోడవార పెట్టినాను ఆడ్ని. తెలిస్తే ఆడ నువ్వు పొయ్యి ముట్టించవని, ముద్ద మింగవని, సెరువు పేరు సెప్పినాను."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇద్దరూ పార్టీ ఆఫీసుకు పరుగెత్తారు. గట్టు తీసుకుని ఇల్లు ఇచ్చెయ్యమన్నారు. కారణం కూడా చెప్పారు. మృత్యుంజయ తలవంచుకుని విన్నాడు. "ఇన్నేళ్ళకు అక్కడ ఏం మిగిలి ఉంటుంది మాసీ?" అన్నాడు మెత్తగా. "నువ్వడిగిన గట్టుకు కంచె వేయించాను. నా మాట నేను నిలబెట్టుకున్నాను." నిజమే, నిలబెట్టుకున్నాడు. మాట తప్పే మనిషైతే తిట్టుకోవడానికైనా ఉండేది.

తవ్వి తీసుకుపోదామని గవరయ్య పలుగు ఎత్తాడు. దెబ్బ వెయ్యలేక దించేశాడు. పున్నమ్మ కూడా వెయ్యమనలేదు.

ఇల్లు కూల్చి, మెరక చదును చేసి, పునాది స్తంభాలు నేలలోకి దిగ్గొట్టే ఇనపదిమ్మె మిషను తెచ్చిన రోజున వాళ్ళిద్దరూ నిలబడడానికి ఊళ్ళో మిగిలిన చోటు తూర్పు గట్టు ఒక్కటే. కంచె లోపల గడ్డి పచ్చగా, ఎవరూ తొక్కకుండా ఉంది. అవతల దిమ్మె పైకి లేచి మొదటి దెబ్బ పడింది. కాళ్ళ కింద నేల అదిరింది. గవరయ్య రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

పున్నమ్మ ఆ చేతులు పట్టి కిందికి దించింది.

"మూసుకోకు" అంది. "ఇన్నేళ్ళూ నువ్వొక్కడివే మోసినావు. ఇప్పుడు నన్ను కూడా మొయ్యనీ."

దిమ్మె మళ్ళీ లేచింది.