తాతయ్య షోకేసులో కొండచిలువ

మా తాతయ్య జీవితమంతా షోకేసులు చేశాడు. గడియారాల కొట్టు, కళ్లజోళ్ల కొట్టు, బొమ్మల కొట్టు, ఎక్కడ సరుకు తళతళలాడుతూ కనిపించినా దాని చుట్టూ ఉన్న అద్దం, చెక్క ఆయనవే. రెండో రకం పెన్నును కూడా తాతయ్య పెట్టెలో పెడితే పెళ్లికొడుకులా కనిపించేదట. ఈ మాట ఎవరన్నారని అడిగితే, తాతయ్యే అన్నాడు.

ఇప్పుడు కొట్లవాళ్లు రెడీమేడ్ ర్యాకులు తెచ్చుకుంటున్నారు. తాతయ్యకు పని లేదు. పని లేని తాతయ్యతో ఒకే ఇంట్లో ఉండటం ఎలా ఉంటుందో అమ్మమ్మని అడగాలి. నిక్షేపంగా ఉన్న కుర్చీ కాళ్లు ఊడదీసి మళ్లీ బిగిస్తాడు, ఆ తర్వాత కుర్చీ ఊగుతుంది.

అలాంటి రోజుల్లో, పశువుల ఆసుపత్రిలో పనిచేసే మా పిన్ని ఒక ప్లాస్టిక్ టబ్బు పట్టుకొచ్చింది. అందులో బాల్ పైథాన్. కొండచిలువల్లో చిన్న జాతి. విషం ఉండదు, భయమేస్తే బంతిలా చుట్టుకుపోతుంది. పెంచుకున్నవాళ్లు ఊరు మారుతూ దాన్ని ఆసుపత్రిలో వదిలేశారు. అక్కడి కుక్కల అరుపుల మధ్య అది తిండి మానేసింది.

"నాన్నా, దీనికో మంచి పెట్టె చెయ్యి. తినడం మొదలుపెడితే నీ దగ్గరే ఉంచుకో. లేదంటే వేరేవాళ్లకి ఇచ్చేస్తాను" అంది పిన్ని.

తాతయ్య వంగి చూశాడు. నల్లటి ఒంటి మీద తేనెరంగు మచ్చలు. ఇంత మంచి సరుకుని బట్టలు నానబెట్టే టబ్బులో పెడతారా అని కూతుర్ని కసిరాడు. ఆ క్షణంతో మా ఇంట్లో ప్రశాంతత సరి.

కొన్నాళ్లపాటు హాలంతా రంపపు పొట్టే. పెట్టె పూర్తయ్యాక మాత్రం, ఆయన వినకుండా చెబుతున్నాను, మేమంతా నోళ్లు వెళ్లబెట్టాం. టేకు ఫ్రేము, ముందు జరిపే అద్దాల తలుపులు, రెండు పక్కలా అద్దాలు, పైన ట్యూబులైటు. వెనక గోడకు నిలువుటద్దం, ఒక సరుకు రెండుగా కనిపించాలని. ఒక పక్క వెచ్చగా, రెండో పక్క చల్లగా ఉండాలని పిన్ని చెబితే, ఒక పక్క అడుగున హీటింగ్ ప్యాడ్ అమర్చి, వేడి హద్దు దాటకుండా థర్మోస్టాట్ కూడా బిగించాడు. దాక్కోవడానికి రెండు గూళ్లు కావాలన్నది మాత్రం చెవిన వేసుకోలేదు. దాచిపెట్టడానికైతే బీరువా చేసేవాణ్ణిగా అన్నాడు.

వీధి చివరి మంగలి చూడటానికి వచ్చి, రెండున్నాయా అని అడిగాడు. తాతయ్య ఆ పూట అన్నం రెండుసార్లు వడ్డించుకున్నాడు.

పాము మాత్రం మూలకు పోయి, బంతిలా చుట్టుకుని, తల మధ్యలో దాచేసుకుంది.

దాని తిండి చచ్చిన ఎలుక. గడ్డకట్టినవి పిన్ని పొట్లంలో ఇచ్చింది. వాటిని ఫ్రిజ్‌లో పెట్టిన రోజు నుంచి అమ్మమ్మ ఫ్రిజ్ తలుపు తీయడం మానేసి నన్ను పిలుస్తోంది. ఎలుకను వేడినీళ్లలో వెచ్చబరిచి, పటకారుతో పట్టుకుని, పాము ముందు ఆడించాలి. తాతయ్య మోకాళ్ల మీద కూర్చుని, తినమ్మా, ఒక్క ముద్ద తినమ్మా అని బతిమాలాడు. అమ్మమ్మ గుమ్మంలో నిలబడి విన్నది.

"పెళ్లయిన దగ్గర్నుంచి నన్ను ఒక్కనాడు తిన్నావా అని అడిగిన పాపాన పోలేదు. ఆ పాము చేసుకున్న పుణ్యం చూడవే" అంది నాతో.

పాము తినలేదు. తర్వాతి వారమూ తినలేదు. నీళ్ల గిన్నె తేమకు అద్దాలు మసకబారితే తాతయ్య గుడ్డ పట్టుకుని తుడుస్తాడు. తుడిచినప్పుడల్లా పాము ఇంకాస్త బిగుసుకుంటుంది. అది బిగుసుకున్న కొద్దీ ఈయనకు బీపీ. తప్పు పాముదని కాసేపు, హీటింగ్ ప్యాడ్ అమ్మినవాడిదని కాసేపు, ఊరికే అటూ ఇటూ తిరుగుతున్నానని నాదని కాసేపు.

పిన్ని వచ్చి ఆ అద్దాలు, ఆ లైటు చూసి తల పట్టుకుంది. "అది సరుకు కాదు నాన్నా. ఎవరూ చూడకపోతేనే దాని ప్రాణం కుదుటపడేది. ఇరుకుగా, చీకటిగా, ఒళ్లు నాలుగు పక్కలా తగిలేలా గూడు కావాలి. ఆదివారం వస్తా. అప్పటికీ తినకపోతే తీసుకుపోతా" అంది.

తాతయ్య గూడు చేశాడు. చక్కటి చిన్న గూడు. దానికి పైకప్పు అద్దం. పాము ఆ గూటిని ఒకసారి వాసన చూసి, అడుగున పరిచిన న్యూస్‌పేపర్ కిందికి దూరిపోయింది. నాకు నవ్వాగలేదు.

చివరికి శుక్రవారం తాతయ్య లొంగాడు. నిలువుటద్దం ఊడదీశాడు. ట్యూబులైటు పీకేశాడు. తన చేత్తో పాలిష్ పెట్టిన అద్దాలకు నల్ల కాగితం అంటించాడు, ఒక్కో కాగితానికీ ఒక్కో నిట్టూర్పు. చెక్క కప్పుతో, పాము పట్టేంత నోటితో, పొట్టిగా రెండు గూళ్లు చేసి వెచ్చటి పక్కన ఒకటి, చల్లటి పక్కన ఒకటి పెట్టాడు. పాము వెచ్చటి గూట్లోకి వెళ్లింది. ఇక దాని తోక కూడా మాకు కనపడలేదు.

శనివారం సాయంత్రం గూటి ముందు ఎలుకను పెట్టి తలుపు జరిపేశాడు. ఆదివారం పొద్దున చూస్తే ఎలుక లేదు.

పిన్ని మూత ఉన్న బుట్టతో దిగింది. తినడం ఎవరు చూశారని అడిగింది. ఎవరూ చూడలేదు. అయితే అమ్మమ్మే తీసి పారేసి ఉంటుందంది. దానికి జడిసి ఫ్రిజ్ తలుపే తీయని నేను దాన్ని ముట్టుకుంటానా అని అమ్మమ్మ కయ్యిమంది. సరే, గూడెత్తి పొట్ట ఉబ్బిందో లేదో చూద్దామని పిన్ని చెయ్యి చాచేసరికి తాతయ్య అడ్డం నిలబడ్డాడు.

"తిన్నాక రెండు రోజులు కదిలించకూడదని చెప్పింది నువ్వే. కక్కేస్తుంది."

"మరి నేనెలా నమ్మాలి?"

"నమ్మితే నమ్ము, లేకపోతే లేదు. చూపించడానికి ఇదేమన్నా కొట్టా?"

పిన్ని ఆయన మొహం కేసి చూసి, నవ్వు పెదవి కింద నొక్కిపెట్టి, ఖాళీ బుట్టతో వెళ్లిపోయింది. పాము మాకే మిగిలింది. తాతయ్య సంతోషించాలి కదా? సాయంత్రందాకా చిటపటలాడుతూనే ఉన్నాడు. మంగలి తన పిల్లల్ని వెంటేసుకుని కొండచిలువను చూపిద్దామని వస్తే, చూడటానికి ఏమీ లేదని గేటు దగ్గర్నుంచే పంపేశాడు. వచ్చి ఆ నల్ల పెట్టె ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"ఏమే, నీకేమైనా కనపడుతోందా?" అని నన్ను గుసగుసగా అడిగాడు.

ఏమీ కనపడటం లేదన్నాను.

"మంచిది" అన్నాడు, ఏడుపు మొహం పెట్టి.