ఒక్క ఫ్లాపీలో పట్టిన లేసు బొమ్మలు

2003లో పాలకొల్లులో కంప్యూటర్లు అమ్మి, బాగుచేసే కొట్టు నడిపేవాణ్ణి. ఒళ్లు మండించే కస్టమర్లకు కొదవ లేదు గానీ, వాళ్లలో మొదటి పేరు నరసాపురం సీతామహాలక్ష్మి గారిది. ఆవిడది లేసు వ్యాపారం. చుట్టుపక్కల ఆడవాళ్లకు దారం, డిజైనూ ఇచ్చి అల్లించేవారు. డిజైన్లు గీసేది ఆవిడ తోటికోడలు వరాలమ్మ గారు. మొదట గళ్ల కాగితాల మీద, తరవాత నేనమ్మిన కంప్యూటర్లో. కాగితాలు చెదలు తినేశాయి. ఈలోగా వరాలమ్మ గారికి చూపు పోయింది. కంప్యూటర్లో ఉన్నవి తప్ప ఆ బొమ్మలు ఇంకెక్కడా లేవు, మళ్లీ గీసేవాళ్లూ లేరు.

మూడేళ్లకు కొత్త కంప్యూటర్ కొన్నారు. పాతది మార్పిడి కింద నేను తీసుకెళ్లాలి. శుక్రవారం వెళ్లి కొత్తది బిగించాను. "మీకెందుకు శ్రమని ఫైళ్లన్నీ నేనే ఎక్కించేశానండి" అంటూ ఆవిడ ఫ్లాపీ చేతిలో పెట్టారు. ఫ్లాపీ అంటే అప్పట్లో ఫైళ్లు మోసుకెళ్లే పల్చటి డిస్కు. ఒక పెద్ద ఫొటో ఎక్కితే నిండిపోయేది. కొత్తదాంట్లో పెట్టి చూస్తే పేర్లన్నీ వరసగా ఉన్నాయి. చాలనుకుని కాపీ చేసేశాను. ఇక పాతదాన్ని ఫార్మాట్ చెయ్యబోయాను, అంటే డిస్కంతా తుడిచెయ్యడం.

"ఇవాళొద్దు బాబూ. శుక్రవారం పూట ఇంట్లో వస్తువు గుమ్మం దాటించం."

"దాటించనండి. తుడిచి ఇక్కడే ఉంచుతాను, రేపు పట్టుకెళ్తాను."

"శుక్రవారం పూట ఉన్నది తుడిచిపెట్టడమేంటండీ! రేపు రండి."

రేపంటే మళ్లీ బస్సు, మళ్లీ సగం రోజు కొట్టు మూత. పళ్లు నూరుకుంటూ వచ్చేశాను.

శనివారం వెళ్లేసరికి ఆవిడ కొత్త కంప్యూటర్ ముందు కంగారుగా కూర్చున్నారు. ఏ పేరు నొక్కినా ఫైలు దొరకలేదనే వస్తోంది. అప్పుడు సరిగ్గా చూశాను. అవన్నీ షార్ట్‌కట్లు. ఫైలు ఎక్కడుందో చూపించే గుర్తులే తప్ప ఫైళ్లు కావు. అన్నీ ఎదురుగా కనబడాలని ఆవిడ పోరితే, పాతదాని తెర మీద నేనే పెట్టినవి.

"గుమ్మం మీద పేరు బోర్డు పీక్కొచ్చి ఇల్లు తెచ్చానన్నారు కదండీ!" అని విసుక్కున్నాను.

ఆవిడేం తగ్గలేదు. "నాకు తెలీదు, సరే. చూసి చాలన్నది ఎవరండీ?"

అదీ నిజమే. మూడేళ్ల బొమ్మలు ఒక్క ఫ్లాపీలో ఎలా పట్టాయన్న అనుమానమైనా నాకు రాలేదు. ఆవిడ అడ్డం పడకపోతే అన్నీ నా చేత్తోనే తుడిచేసేవాణ్ణి. నిన్నటి నుంచి ఆవిడ మీద ఉన్న కోపమంతా నా మీదకే తిరిగింది.

పాతదాని హార్డ్ డిస్క్ ఊడదీసి కొత్తదాంట్లో తగిలించి, అసలు ఫైళ్లు కాపీ చేశాను. ఈసారి ఒక్కొక్కటే తెరవడం మొదలుపెట్టాను. పక్కన మంచం మీద వరాలమ్మ గారు కూర్చుని వింటున్నారు.

"తామర పువ్వు వచ్చిందాండీ?" అని అడిగారు. "రేకులెన్ని?"

లెక్కపెట్టాను. "పదకొండండి."

"అయితే నాదే. పన్నెండోది అంచులో కలిపేశాను. తరవాతది తెరవండి."

అలా అన్నిటికీ రేకులూ ఆకులూ లెక్కపెట్టి చెబుతూ పోయాను. ఆవిడ ప్రతిదానికీ తలూపుతూ కళ్లు తుడుచుకున్నారు. ఫైలు తెరిచి, దాని మనిషి "ఇది నాదే" అనేదాకా కాపీ అయినట్టు కాదని నాకా రోజు తెలిసింది.