పెద్దమ్మ ఒంట్లోని బంగారం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదని నా నమ్మకం. మొయినాబాద్‌లో ఓ మందుల దుకాణంలో చేరి మూడు నెలలైంది. ఎంకపల్లిలోని మా చుట్టాలందరికీ నేనే డాక్టర్ని (ఆ అనుమానం నాకూ ఉండేది). అప్పుడే మా పెద్దమ్మకు కీళ్లవాతం వచ్చి వేళ్లన్నీ వాచిపోయాయి. పట్నం డాక్టరమ్మ వారానికొకటి చొప్పున బంగారం ఇంజెక్షన్లు రాసింది. నిజంగా బంగారంతో చేసిన మందే. ఇక పెద్దమ్మను పట్టలేకపోయాం. "మీరు ఒంటి మీద ఏసుకున్నరు, నేను ఒంట్లెనే ఏసుకున్న!" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది.

ప్రతి సూదికీ ముందు మూత్రం పరీక్ష తప్పనిసరి అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఎందుకని అడగడం నా హోదాకు తక్కువనిపించి, నాకు నేనే అర్థం చేసుకున్నాను: ఎక్కించిన బంగారం ఎంత బయటికి పోతోందో చూడటానికన్నమాట! సీసా పట్టుకుని బస్సులో చేవెళ్ల దవాఖానకు పోవడం నా పని. ఐదు వారాలూ 'ఏమీ లేదు' అనే రాసిచ్చారు. అంత బంగారం ఎక్కిస్తే ఏమీ లేకపోవడమేమిటి? ఆరోవారం బస్సు దిగి, నేరుగా అక్కడే నగలు చేసే మా మామ దుకాణంలోకి వెళ్లాను.

"మామా, ఈ నీళ్లల్ల బంగారం కలిసున్నది. జర తీసి చూపియ్యి."

ఆయన కాసిన్ని గిన్నెలో పోసి మంట మీద పెట్టాడు. కాసేపటికి అవి పాలలా విరిగిపోయాయి. వాసన కూడా మొదలైంది. మామ ముక్కు మూసుకుని, "ఏం నీళ్లురా ఇవి?" అన్నాడు.

"మా పెద్దమ్మవి."

ఆయన పట్టకారు అందుకునేలోగా, మిగిలిన సీసాతో నేను దవాఖానలో ఉన్నాను. రొప్పుతూ పరీక్ష గదిలోని అక్కకు అంతా చెప్పేశాను. ఆమె కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. తర్వాత తానూ పరీక్ష చేసి, నవ్వు ఆపేసింది.

"గిన్నెల విరిగింది బంగారం కాదు తమ్మీ, ప్రొటీన్. మందు కిడ్నీల మీద పడ్డట్టున్నది. ఇయ్యాల సూది ఏపియ్యకు, సీదా డాక్టరమ్మ తానకు తోలుకపో."

ఇంటికెళ్లి అడిగితే, పది రోజులుగా చేతులు దురద పెడుతున్నాయని పెద్దమ్మ అప్పుడు బయటపెట్టింది. "చెప్తె సూది బంద్ జేస్తరని చెప్పలేదురా" అంది, చిన్నపిల్లలా.

డాక్టరమ్మ బంగారం ఆపేసి వేరే మందు రాసింది. కొన్ని నెలలకు కిడ్నీలు కుదుటపడ్డాయి, వాపూ తగ్గింది. నేను తిన్నగా దవాఖానకు వెళ్లినా ఆ రోజు ఆ సంగతి బయటపడేదే. కానీ పెద్దమ్మ ఒప్పుకోదు. "నా జబ్బు మావోడే కనిపెట్టిండు" అని ఇప్పటికీ అందరికీ చెబుతుంది. నాకు తల నెరిసింది, సొంత దుకాణం ఉంది. అయినా ఆ మాట సరిదిద్దే ధైర్యం ఇంకా రాలేదు. తల వంచుకుని, కొంచెం నవ్వుకుని, చాయ్ తాగుతుంటాను.