సుధ కట్టని ఫీజు

పన్నెండేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేమీ కాదు, ఒక్క వాక్యం. దాని బరువు పెరుగుతోందో, నాకే ఓపిక తగ్గుతోందో తెలియదు. ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే ఇక నా వల్ల కాదు. మీరు నన్నెరగరు, అందుకే మీకు చెబుతున్నాను.

2003లో అమెరికాలోని నేపర్‌విల్‌లో మేమూ, సుధావాళ్ళూ కలిసి ఒక ఇల్లు కొన్నాం. సుధ భర్తా మా ఆయనా ఒకే ఆఫీసు. ఒక్క జీతంతో ఇల్లు కొనే స్తోమత ఎవరికీ లేదు. చెరిసగం పెట్టుకుని, రెండు కుటుంబాల పేరా రాయించుకుని, పైన వాళ్ళు, కింద మేము ఉందామనుకున్నాం. అంతకుముందు రెండేళ్ళు నోరూ కడుపూ కట్టుకుని ఒకే ఖాతాలో కూడబెట్టాం. ఆ పొదుపంతా నా పెత్తనమే. సినిమాలు మాన్పించాను, బయట తిండి మాన్పించాను, రెండిళ్ళకీ ఒక్క కారు చాలన్నాను. ఎవరైనా పిజ్జా అనబోయి నా మొహం చూసి ఊరుకునేవారు. అప్పట్లో అది నాకు గర్వంగా కూడా ఉండేది.

సుధ వరంగల్‌లో పళ్ళ డాక్టరు. ఇక్కడ ప్రాక్టీసు చేయాలంటే మళ్ళీ చదవాలి. ఇల్లు కుదిరి, లోన్ పని నడుస్తుండగా ఆమెకి ఒక కాలేజీలో సీటొచ్చింది. పది రోజుల్లో అడ్వాన్సు ఫీజు కట్టాలి. ఉన్న డబ్బంతా ఆ ఇంటి ఖాతాలోనే ఉంది. బ్యాంకుతో మాట్లాడేది నేనే కాబట్టి, తీసుకోవచ్చేమో కనుక్కోమంది.

కనుక్కున్నాను. లోన్ చూసే ఆయన చాలా తేలిగ్గా చెప్పాడు. తీసుకోండి, రసీదు పంపండి, ముందు కట్టేది తగ్గుతుంది కాబట్టి నెల కిస్తీ కాస్త పెరుగుతుంది, అంతే.

సాయంత్రం సుధ వంటింట్లోకి వచ్చింది.

"అక్కా, బ్యాంకాయన ఏమన్నడు? ఫీజు కట్టుకోవచ్చునా?"

"వద్దన్నాడు సుధా. క్లోజింగ్ అయి ఇల్లు మన పేర రాసేదాకా అకౌంట్ ముట్టుకుంటే లోన్ క్యాన్సిల్ చేస్తాడట."

"మరి సీటు పోతది కదా..." చేతిలోని కాలేజీ ఉత్తరాన్ని మడిచేసింది. "పోనియ్ తీ అక్కా. ఇల్లు అందరిది. వచ్చే ఏడు మళ్ల అప్లై చేస్త."

ఎందుకన్నాను ఆ మాట? కిస్తీ పెరుగుతుందనా? చాలా ఏళ్ళు నన్ను నేను అలాగే నమ్మించుకున్నాను. నిజానికి నా భయం వేరు: ఆమె డాక్టరైతే నాలుగేళ్ళలో సొంతంగా ఇంకో ఇల్లు కొనుక్కుని వెళ్ళిపోతారు, ఈ ఇల్లు మొత్తం మా నెత్తిన పడుతుంది. అంతేనా? అంతే కాదు. వర్క్ పర్మిట్ లేక ఇంట్లో కూర్చున్నదాన్ని నేను కూడా. నాకు ఏ సీటూ రాలేదు. ఆమె పొద్దున్నే తయారై కాలేజీకి వెళ్తుంటే నేను కింద నిలబడి చూడాలా అని కుళ్ళుకున్నాను. ఇది రాస్తుంటే సిగ్గేస్తోంది.

మరుసటి ఏడు సుధ అప్లై చేయలేదు. అప్పటికి కడుపుతో ఉంది. ఆ తర్వాత ఇక ఆ ఊసే ఎత్తలేదు. ఇప్పుడు ఒక డెంటల్ క్లినిక్ రిసెప్షన్‌లో అపాయింట్‌మెంట్లు రాస్తుంది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ, మా అక్క గట్టిగా పట్టుకోకపోతే మాకీ ఇల్లే లేదని చెబుతుంది. ఆమె ఆ మాట మొదలుపెట్టగానే నేను టీ పెట్టే వంకతో లేచిపోతాను.

పోయిన నెల ఆమె కూతుర్ని డాన్స్ క్లాసుకి తీసుకెళ్తున్నాను. పదకొండేళ్ళ పిల్ల. "ఆంటీ, మమ్మీ ఎందుకు డెంటిస్ట్ అవ్వలేదు?" అని అడిగింది. నిజం చెప్పడానికి అంతకన్నా మంచి అదను దొరకదు. కాని నేనేమన్నానో తెలుసా? నువ్వు పుట్టావు కదమ్మా, అందుకని. నవ్వుతూనే అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. దిగేటప్పుడు మెల్లగా, "మమ్మీకి నేను సారీ చెప్పాలా?" అంది.

ఆ రోజు నుంచీ నాకు అన్నం సయించడం లేదు. నా తప్పుని తీసుకెళ్ళి, ఆ ఫీజు నాటికి పుట్టనైనా పుట్టని పిల్ల నెత్తిన పెట్టాను.

సుధతో చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. వస్తుందని మాటివ్వలేను. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఇన్నేళ్ళూ లోలోపల కూడా అనుకోని మాటని ఇక్కడ రాస్తున్నాను, రాస్తుంటే కాస్త ఊపిరాడుతోంది. సుధ డాక్టరు కాకపోవడానికి ఆ పిల్ల కారణం కాదు. నేను.