టక్ పడే చోటు

మా నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. మగ్గం గుంతలో కూర్చుని తత్వాలు పాడేవాడు. అడ్డపోగు తీసుకెళ్లే నాడె విసిరి, దాన్ని బిగించే పన్నెతో దెబ్బ వేసేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు కాబట్టి పాట అక్కడ తెగేది. టక్ అని దెబ్బ పడ్డాక మిగతా సగం మాట వినిపించేది. ఆ టక్ కూడా పాటలో భాగమే అనుకునేవాణ్ణి.

ఐదో తరగతిలో అయ్యవారు నన్ను ఒక పాట పాడమన్నాడు. నాయన పాడినట్టే పాడాను. మాటను మధ్యలో విరిచి, నాలుకతో టక్ మనిపించి, తర్వాత మిగతాది అందుకున్నాను.

"ఏమప్పా, పాట మధ్యలో బల్లి పలుకుతాండాదే?" అన్నాడు అయ్యవారు.

తరగతంతా నవ్వింది. నవ్విన వాళ్లలో సగం మంది మగ్గాల ఇళ్ల పిల్లలే. ఆ రోజు నుంచి వీధిలో "ఏమబ్బా బల్లీ, యాడికి పోతాండావు?" అని పిలుపు.

ఆ కోపం అయ్యవారి మీద చూపించలేక నాయన పాట మీద చూపించాను. హైస్కూల్లో ఉండగా మామ తన పాత టేప్ రికార్డర్ ఇచ్చాడు. సినిమా పాటలు గోడలు అదిరేలా పెట్టేవాణ్ణి. ఒకరోజు పక్కింటి వాళ్లు కూర్చుని ఉండగానే అరిచాను.

"నాయనా, నీ పాట ఆపు. క్యాసెట్టు వినపడల్యా. నీకు తాళమే రాదు."

"సరేలేప్పా, నువ్వు పెట్టుకో," అన్నాడు నాయన.

మళ్లీ నా ముందు పాడలేదు. నేను ఇంట్లోకి వస్తే మగ్గం చప్పుడు ఒక్కటే మిగిలేది. అప్పుడు నాకు బాధేమీ కలగలేదు. హాయిగానే ఉండింది. ఆ మాట ఒప్పుకోవడమే ఇప్పుడు కష్టం.

ఇంటర్ చదవడానికి హిందూపురం వెళ్లాక, హాస్టల్లో నా గదివాడు కన్నడ పాటలు అలవాటు చేశాడు. మాటలు సగం అర్థం కాకపోయినా కళ్లు చెమర్చేవి. కొన్నేళ్లకు హోరు పాటలు వాటంతటవే దూరమయ్యాయి. పెనుకొండలో ఉద్యోగం, పెళ్లి, కూతురు. ఒక సాయంత్రం బస్టాండు దగ్గర సీడీల అంగట్లో నాయన పాడే తత్వమే వినిపించింది. మంచి గొంతు, వెనక వయొలిన్. మాట సగానికి వచ్చినప్పుడల్లా నా చెవి దెబ్బ కోసం ఎదురుచూసింది. ఆ గాయకుడు ఎక్కడా ఆగలేదు.

ఆ సీడీ కొని ధర్మవరం తీసుకెళ్లాను. అప్పటికే నాయన మోకాళ్లు పనిచేయడం మానేశాయి. మగ్గం విప్పేసి, గుంత పూడ్చి బండలు పరిచారు. సీడీ మొత్తం విన్నాడు.

"బాగా పాడినాడప్పా. తాళం కూడా వచ్చినట్టుండాది."

తల ఎత్తకుండానే "నువ్వు పాడు నాయనా" అన్నాను.

"నాకేడ వస్తాది? మగ్గం కూడా లేకపాయె."

మరుసటి నెల ఇంటిల్లిపాదీ మళ్లీ వెళ్లాం. మధ్యాహ్నం పెరుగు తేవడానికి అంగడికి వెళ్లి వస్తుంటే లోపల నాయన గొంతు వినిపించింది. బొంగురు పోయింది, కానీ అదే పాట. కిటికీలోంచి చూశాను. నా కూతురిని ఒళ్లో వేసుకుని జోకొడుతున్నాడు. మాట సగంలో ఆగి వీపు మీద చిన్నగా తట్టాడు. పాప నాలుకతో టక్ అంది. ఇద్దరూ నవ్వుకుని మిగతా సగం పాడుకున్నారు.

నేను లోపలికి వెళ్తే ఆపేస్తాడు. పెరుగు చెంబు పట్టుకుని ఎండలోనే నిలబడ్డాను.