మేడ మీద నాదం

మొన్న ఆదివారం మా అమ్మాయి కార్‌లో వెళ్తుంటే రేడియోలో ఒక పాట వచ్చింది. గిటారు రెండు మెట్లు పలికిందో లేదో, నేను చెయ్యి చాపి వాల్యూమ్ పెంచాను. ఆ కార్‌లో నేను ఏ మీటా ముట్టుకోను కాబట్టి అది వింతగా చూసింది. “మామ్, నీకు ఈ సాంగ్ ఎలా తెలుసు?” అంది. ఈ పాట ఇలా ఉండటానికి మీ నానమ్మే కారణం అన్నాను. “నానమ్మ? నో వే,” అని నవ్వేసింది.

ఎనభైల మొదట్లో మాట. అమెరికాలో, పిస్కాటవే అనే ఊళ్లో ఒక పాత చెక్క ఇంట్లో కింది వాటాలో ఉండేవాళ్లం. పై వాటాలో స్పెయిన్ అమ్మాయి ఉండేది. చదువుకోవడానికి వచ్చి, చదువు మానేసి గిటారు పట్టుకుంది. పొద్దున బేకరీలో పని, సాయంత్రం కాలేజీల చుట్టుపక్కల బార్లలో పాట. పాడేది రాక్ సంగీతమే అయినా పెద్ద కంపెనీల వ్యవహారం కాదు. పాట తనే రాసుకుని, బాణీ తనే కట్టుకుని, క్యాసెట్లు కూడా తనే కాపీ చేసుకుని కార్ వెనకాల పెట్టుకుని అమ్మే రకం. ఆ ఇంట్లో పైన చెంచా పడినా కింద వినిపించేది, ఇక పాట సంగతి చెప్పాలా!

నా పురిటికని మా అత్తగారు కాకినాడ నుంచి వచ్చారు. నేనడిగిన ఇడ్లీపాత్రకి సూట్‌కేస్‌లో చోటు లేదన్నారు గానీ, శ్రుతిపెట్టె మాత్రం చీరల మధ్య భద్రంగా తెచ్చుకున్నారు. బయట మంచు, టీవీలో అర్థం కాని గోల. ఆవిడకు కాలక్షేపమల్లా పైనుంచి వచ్చే పాటే. అందులో ఒక పాట పల్లవిలో “నాద, నాద” అని మళ్లీ మళ్లీ వచ్చేది. కాఫీ గ్లాసుతో వంటింట్లో నిలబడి, కప్పు వైపు చూస్తూ తల ఊపేవారు. “నాదం విలువ తెలిసిన పిల్లే. పూర్వజన్మలో మనవాళ్లలో పుట్టి ఉంటుంది,” అనేవారు. ల్యాబ్‌లో నా పక్కన పనిచేసే స్పానిష్ వాళ్ల పుణ్యమా అని ఆ మాటకి ‘ఏమీ లేదు’ అని అర్థమని నాకు తెలుసు. హాయిగా ఉన్న ప్రాణాన్ని ఎందుకు కష్టపెట్టడమని ఊరుకున్నాను.

ఒకరోజు ఆవిడ, “ఏమే, పైనమ్మాయి నాదం మానేసిందేంటి?” అన్నారు. చెవి పెట్టి విన్నాను. అదే పాట, ఇంగ్లీషులో పాడుతోంది. జంతికలు ఇచ్చే నెపంతో పైకి వెళ్లాను. శనివారం ఒక రికార్డు కంపెనీ మనిషి వస్తున్నాడట. ఇంగ్లీషులో పాడితే రికార్డు వేస్తాం, స్పానిష్ అయితే ఇక్కడెవరు కొంటారు అన్నాడట. ఇది కూడా పోతే గిటారు అటకెక్కించి ఇంటికి వెళ్లిపోవడమే అంది. “ఇంగ్లీషులో పాడుతుంటే ఎవరి చెప్పులో వేసుకుని నడుస్తున్నట్టుంది,” అంది తీగ బిగిస్తూ.

సంగతి చెప్పగానే అత్తగారు శాలువా కప్పుకుని, శ్రుతిపెట్టె చంకన పెట్టుకుని మెట్లెక్కారు. నేను వెనకాలే దుబాసీలా నడిచాను. మాట ఎందుకు మార్చావని ఆవిడ, నాదమంటే ఏమిటని ఆ పిల్ల. ఇక దాచడం నావల్ల కాలేదు.

“అత్తయ్యా, వాళ్ల భాషలో నాద అంటే ఏమీ లేదని అర్థం.”

ఆవిడ కాస్త ఆలోచించారు. “వాళ్ల భాషలో ఎక్కడో పొరపాటు దొర్లింది. పెద్దవాళ్లెవర్నైనా కనుక్కోమను. ఈలోగా మాట మార్చకుండా పాడమను.”

ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ పిల్ల కార్పెట్ మీద దొర్లి దొర్లి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. అత్తగారు గిటారుకి శ్రుతి కలిపి, “ఊఁ, ఎత్తుకో,” అన్నారు. ఆ పిల్ల తన భాషలోనే ఎత్తుకుంది.

శనివారం కూడా అలాగే పాడింది. వచ్చినాయన కాఫీ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు. ఆ పిల్ల మా వంటింట్లోకి వచ్చి పెరుగన్నం తింది. మా అత్తగారి మాట విని ఒక పిల్ల బతుకు పాడైందే అని నాకు గుబులు. అత్తగారు మాత్రం, “వాడు పోతే పోయాడు, పాటెక్కడికి పోతుంది?” అని ఆవకాయ వడ్డించారు.

చలి తగ్గకముందే ఆ పాటని మా బేస్‌మెంట్‌లోనే రికార్డు చేశారు. చప్పుడు చేస్తుందని హీటర్ ఆపేసి అందరం కోట్లు వేసుకుని కూర్చున్నాం. శ్రుతి అత్తగారిదే. ఖర్చు స్నేహితులు తలా కాస్త వేసుకున్నారు. ఒక కాలేజీ రేడియోలో వేశారు, అది విని ఇంకో కాలేజీ వాళ్లు. ఏడాది తిరక్కుండా ఆ పిల్ల బేకరీ మానేసి వ్యాన్‌లో ఊళ్లు తిరగడం మొదలుపెట్టింది. పెద్ద పేరేమీ రాలేదు. కానీ పాటే అన్నం పెట్టింది, అదీ తన భాషలో పాట.

ఎనభైల చివర్లో మా దగ్గర చిన్న హాల్లో పాడితే వెళ్లాను. అత్తగారు అప్పటికి లేరని చెబితే నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. “అప్పట్లో అందరూ బాగా ఆలోచించుకోమన్నారు. ఆవిడొక్కరే పాడమన్నారు,” అంది.

ఆనాడు అత్తగారి వెనక మెట్లెక్కుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను. ఇప్పుడు నాకూ ఆవిడ వయసే వచ్చింది, ఎవరి మెట్లైనా ఎక్కేస్తున్నాను. కాలం మన దగ్గర్నుంచి చాలా పట్టుకుపోతుంది. మొహమాటాన్ని కూడా పట్టుకుపోతుంది గనక దాన్ని క్షమించేయవచ్చు.