పానకాలు నింపిన తలుపు

చిలకలూరిపేట బైపాసు పక్కన మా వరసలో పానకాలు షాపుకి తాళం పడి ఏడాది దాటింది. బోర్డు మీద పేరు ఎవరూ చెరపలేదు గానీ దాని కింద లారీ టైర్లు దొంతరగా పేర్చేశారు. అతని గురించి జనం రెండు రకాలుగా మాట్లాడతారు. కారులో మనిషిని కాల్చేశాడని కొందరు. నోరు మూసుకుని కూర్చుంటే పోయేదానికి తనే వెళ్ళి తల దూర్చిన పిచ్చిమాలోకం అని కొందరు. ఈ రెండో మాట అనేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మాట అతన్ని అందరికంటే ముందు అన్నది నేనే మరి.

నా పేరు మీరా హుస్సేన్. పానకాలు షాపు పక్కనే కార్ల సీట్లు కుడతాను. మా ఇంట్లో ముత్తాతల నాటి నుంచి దూది ఏకడం, పరుపులు కుట్టడం పని. ఫోం పరుపులు వచ్చి మా నోట్లో మట్టి కొట్టాక నేను సీట్లలోకి దిగాను. పానకాలుది మంగళగిరి, మగ్గాల ఇల్లు. వాళ్ళ నాన్న నేస్తుంటే పక్కన రేడియో పాడుతూ ఉండాలట. అది ఆగిపోతే ఆయనకి చెయ్యి సాగదట. ఆ రేడియో బాగుచెయ్యడానికే పానకాలు పన్నెండేళ్ళప్పుడు స్క్రూడ్రైవరు పట్టాడు. తర్వాత టేపురికార్డర్లు, లారీల్లో పాటలు, ఆ తర్వాత కార్లు. ఇరవై రెండేళ్ళు మా ఇద్దరి మధ్య అడ్డం ఒక్క రేకు గోడే.

అతని పనికి ఒక పద్ధతి ఉండేది. స్పీకరు బిగించాక చెవితో వినడు. కారు తలుపు మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంటాడు. రేకు అదిరిందా, పని కానట్టే. ఈ అదురు ఆపడానికి పెద్ద ఊళ్ళలో తలుపు లోపల ఏవో తారు షీట్లు అతికిస్తారు. మా దగ్గర పత్తికి కరువా? జిన్నింగు మిల్లు నుంచి చెత్త పత్తి గోతాల్లో తెచ్చి, ఏకి, ఎండబెట్టి నేనిచ్చేవాణ్ణి. అతను దాన్ని తలుపులో కూరేవాడు. పైన డోర్ ప్యాడ్ కుట్టి మూసేది మళ్ళీ నేనే. ఇక డప్పు దెబ్బ పడితే కడుపులో తగిలేది, రేకు మాత్రం కిక్కురుమనేది కాదు. పానకాలు సౌండు అని ఒంగోలు నుంచి కూడా వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు.

మా తాత బీడీ కాల్చి వచ్చినవాణ్ణి దూది గదిలోకి గంటసేపు రానిచ్చేవాడు కాదు. ఆ సంగతి నేను మర్చిపోలేదు. ఒక్క కారూ కాలలేదు కాబట్టి మర్చిపోయినట్టు బతికాను, అంతే. కాలకపోవడానికి కారణం కూడా పానకాలే. దూది కూరే ముందు తలుపులో ఉన్న పాత వైరు ప్రతిదీ లాగి పారేసి కొత్తది వేసేవాడు. గీతపడ్డ వైరు కనిపిస్తే కారు ఓనరు ఎంత తొందరపెట్టినా వినేవాడు కాదు.

వీరబాబు కారు విషయంలో ఒక్కసారే విన్నాడు.

వీరబాబు ప్రత్తిపాడు దగ్గర మిరప రైతు పేరయ్య కొడుకు. ఒక్కడే కొడుకు, ఇరవై తొమ్మిదేళ్ళు. మిరపకి మంచి రేటు పలికిన ఏడాది హైదరాబాదులో ఎవరిదో షెడ్డులో దుమ్ముకొట్టుకుపోతున్న జపాను స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చాడు. ముప్పై ఏళ్ళ నాటిది. ఎర్ర రంగు, రెండే తలుపులు, రెండే సీట్లు, నేలకి జానెడెత్తు. మా వరసలోకి వచ్చిన రోజు పని మానేసి అందరం చుట్టూ మూగాం. ఇంజను సంగతి మా ఎదురు షెడ్డులో మెకానిక్కు కోటేష్ చూసుకున్నాడు. పెట్రోలు పైపులన్నీ మార్చి, ప్రతి బిగింపూ రెండుసార్లు తడిమి చూశాడు. అది అయ్యాక కారు పానకాలు దగ్గరికి వచ్చింది. లోపల పాత క్యాసెట్ల పెట్టె, నోరు పెగలని నాలుగు స్పీకర్లు ఉన్నాయి. అన్నీ తీసేసి కొత్తవి పెట్టాలి, బండి పాడితే హైవే వినాలి అన్నాడు వీరబాబు.

పదకొండు రోజులు చేశాడు. సీట్ల వెనక ఆంప్లిఫయరు, దానికి బ్యాటరీ నుంచి కొత్త లావు వైరు, మధ్యలో ఫ్యూజు, అన్నీ శుద్ధంగా చేశాడు. చివరికి డ్రైవరు తలుపు దగ్గర ఆగాడు. అద్దం పైకీ కిందికీ తిప్పే మోటారు వైర్లు తలుపు బందు దగ్గర ఒక రబ్బరు గొట్టంలోంచి వెళ్తాయి. ముప్పై ఏళ్ళకి ఆ రబ్బరు అప్పడంలా పెళుసెక్కింది. వైరు లాగితే రబ్బరు ముక్కలవుతుంది, ఇంకొకటి ఎక్కడా దొరకదు. వీరబాబు పక్కనే నిలబడి ఉన్నాడు. "దాన్ని వదిలెయ్ బాబాయ్. ఒరిజినల్ రబ్బరు. పోతే మళ్ళీ రాదు" అన్నాడు.

పానకాలు వైరు కనిపించినంత మేర టేపు చుట్టాడు. గొట్టం లోపల ఉన్నది ఉన్నట్టే వదిలేశాడు. స్పీకరు పెద్దది కాబట్టి దూది మామూలుకన్నా రెట్టింపు పట్టింది. నేను ప్యాడ్ కుట్టి మూశాను. పాట పెట్టి తలుపు మీద అరచెయ్యి వేసి, కళ్ళు మూసుకుని, చాలాసేపు అలాగే నిలబడ్డాడు. ఇంతకాలం చేసినవన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు అన్నాడు నాతో.

మే నెల రెండో శనివారం వీరబాబు బండికి పూజ చేయించడానికి సింగరాయకొండ బయల్దేరాడు. మార్టూరు దాటాక హైవే మీద మిట్టమధ్యాహ్నం కారు అంటుకుంది. మంట డ్రైవరు తలుపులోనే. బయటికి రావాలంటే ఆ తలుపు మీదే చెయ్యి వెయ్యాలి. రెండో తలుపుకి వేసిన తాళం వైర్లు కాలిపోయి బిగుసుకుపోయింది. లారీ వాళ్ళు ఆగి రాళ్ళతో అద్దం పగలగొట్టేసరికి అతను ఎడమ తలుపుకి ఆనుకుని ఉన్నాడట. ఇంతకంటే నేను చెప్పను, నాకు చేతకాదు.

కాలిన కారులో దూది ఆనవాలు ఏం మిగులుతుంది? పిడికెడు బూడిద కూడా మిగలదు. పాత బండి, ఎండ, పెట్రోలు లీకు అని పోలీసులు రాసుకున్నారు. పెట్రోలు పైపులు మార్చింది ఎవరు? కోటేష్. దినాలు కూడా కాకముందే రెండు ట్రాక్టర్ల మీద వీరబాబు ఊరి జనం వచ్చి అతని షెడ్డు మీద పడ్డారు. కుడి చెయ్యి రాయి మీద పెట్టించి గడ్డపలుగుతో కొట్టారు. ఆ తర్వాత పోలీసులు అతని మీదే కేసు పెట్టారు. ఇద్దరు ఆడపిల్లల తండ్రి. పాతికేళ్ళు పానా పట్టిన చెయ్యి అది.

పలుగు లేచినప్పుడు నేను నా షాపులోనే ఉన్నాను. దొంగకి తేలు కుట్టినట్టు ఉండిపోయాను. పానకాలు మాత్రం లేవబోయాడు. నేనే గట్టిగా పట్టుకుని లోపలికి లాగాను. ఇప్పుడు చెప్తే మనల్ని చంపేస్తారు, నీకు పిచ్చా అన్నాను. ఆ రోజు అతను ఆగింది నా వల్లే. ఇది నేను ఎప్పుడూ ఒప్పుకుంటాను.

తర్వాత వారం నుంచి పానకాలు పాత గిరాకీలకి ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టాడు. కొత్త షీట్లు వచ్చాయి, ఊరికే మారుస్తాను రండి అనేవాడు. రోజుకి రెండు మూడు కార్లు వచ్చేవి. తలుపులు విప్పి దూది లాగి వెనక గుట్ట వేసేవాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం అని నేను విసుక్కున్నాను. ఇంకా కాలని చేతులు చాలా ఉన్నాయి హుస్సేనూ అన్నాడు. రెండు వందల పై చిలుకు కార్లు విప్పాడు. మనిషి సగమయ్యాడు.

బెయిలు మీద వచ్చిన కోటేష్ మధ్యాహ్నం పూట తన షెడ్డు ముందు బల్ల మీద కూర్చునేవాడు. కట్టు విప్పారు గానీ వేళ్ళు ముడుచుకునేవి కావు. భార్య అన్నం కలిపి ముద్దలు పెట్టేది. మొగుడికి అందరి ముందూ తినిపించాల్సి వచ్చినందుకు ఆమె వీధి వైపు వీపు పెట్టి కూర్చునేది. జులైలో ఒక రోజు అది చూసి పానకాలు చేతిలో పని కింద పెట్టి స్టేషనుకి వెళ్ళిపోయాడు. తప్పు నాది, దూది కూరాను అని చెప్పాడు. వాళ్ళు నవ్వారట. నీ దూది ఇరవై ఏళ్ళలో ఎక్కడా అంటుకోలేదు కదా, స్నేహితుడి కోసం నెత్తిన వేసుకుంటున్నావా పెద్దాయనా అని టీ తాగించి పంపేశారట. మంచి పనివాడని పేరుండడం కూడా ఒక శిక్షే అని నాకు ఆ రోజు తెలిసింది.

ఇక మిగిలింది పేరయ్య. ఆయన నమ్మి చెప్తే తప్ప కోటేష్ కేసులోంచి బయటపడడు. పానకాలు తుక్కు షాపులో పాత కారు తలుపు ఒకటి కొన్నాడు. దాన్ని చెక్క స్టాండుకి బిగించి, పెళుసెక్కిన వైర్లు ఏరి బందు దగ్గర వేశాడు. స్పీకరు, ఆంప్లిఫయరు, బ్యాటరీ, అన్నీ వీరబాబు కారులో పెట్టినట్టే పెట్టాడు. దూది కూరాడు. ప్యాడ్ కుట్టమని నన్ను అడగలేదు. తనే సూది తీసుకుని వంకరటింకరగా కుట్టబోతుంటే చూడలేక నేనే కుట్టాను. నా ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని వెళ్ళాం. దారి పొడుగునా ఒకటే మాట, అక్కడ నీ పేరు ఎత్తను, నువ్వు దిగకు అని.

పేరయ్య వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసిపోయి ఉంది. పానకాలు ఎదురుగా నిలబడి దణ్ణం పెట్టాడు.

"మీ అబ్బాయి కారు తలుపులో దూది కూరింది నేనండి. పాత వైరు మార్చాలని తెలిసీ మార్చలేదు. కోటేష్ పైపులు సరిగ్గానే బిగించాడు."

"కోటేష్ పంపాడా నిన్ను?" అన్నాడు పేరయ్య.

"నా మాట నమ్మొద్దండి. చూడండి."

పానకాలు ఒక్కడూ మోయలేడని తలుపు దించడానికి నేను దిగాల్సి వచ్చింది. వాకిలి మధ్యలో నిలబెట్టాం. పానకాలు పాట పెట్టాడు. అద్దం మోటారు స్విచ్చి నొక్కుతూ, మనిషి దిగి ఎక్కినట్టు తలుపుని తెరుస్తూ మూస్తూ ఉన్నాడు. పదోసారి దాకా ఏమీ కాలేదు. పేరయ్య ముఖంలో కోపం మొదలైంది. పదకొండోసారి బందు దగ్గర చిటుక్కుమంది. స్పీకరు జాలీలోంచి సన్నగా పొగ వచ్చింది. ఆ పొగ చూడగానే నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. కావాలని కాదు, కుట్లు లెక్కపెట్టే అలవాటు. ప్యాడ్ ఉబ్బింది, మధ్యలో నల్లబడింది, మంట బయటికి వచ్చి తలుపు తీసే పిడి వైపు పాకింది. పాట ఆగలేదు. మంట పిడిని కప్పేసినా స్పీకరు పాడుతూనే ఉంది. పానకాలు పని అంత గట్టిది.

లోపలి నుంచి ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి నీళ్ళు గుమ్మరించారు. పేరయ్య మంచం మీద నుంచి లేవలేదు. "ఆ పలుగు పట్టింది నేనే" అన్నాడు. మా ఇద్దరికీ కాదు, తనలో తను అన్నట్టు. రేపు పొద్దున స్టేషనుకి వచ్చి కోటేష్ పేరు తీసెయ్యమని చెప్తానన్నాడు. పానకాలు మీద చెయ్యి చేసుకుంటాడేమోనని నేను అడ్డం నిలబడ్డాను గానీ ఆయనకి ఆ ఓపిక ఉన్నట్టు లేదు. లేచి ఇంట్లోకి నాలుగడుగులు వేసి గడప దగ్గర ఆగాడు.

"పొగ వచ్చినకాడి నుంచి పిడి అంటుకునేదాకా ఎంతసేపు పట్టింది?"

పానకాలు తడిసిన తలుపు వైపు చూశాడు. తల దించుకున్నాడు.

"నలభై రెండు లెక్కపెట్టానండి" అన్నాను నేను.

పేరయ్య పెదాలు కదిలాయి. లోలోపల నలభై రెండు దాకా లెక్కపెట్టుకుంటున్నాడని అర్థమైంది. లెక్క అయ్యాక మొదటిసారి నా ముఖంలోకి చూశాడు. అప్పటిదాకా నన్ను ఆటో తోలేవాడు అనుకుని ఉంటాడు.

"నువ్వెవరయ్యా?"

ఆటో నాదండి అంటే సరిపోయేది. అది అబద్ధం కూడా కాదు. చెప్పొద్దని పానకాలు తల అడ్డంగా ఊపుతున్నాడు.

"దూది నాదండి" అన్నాను.